కార్పెట్టుకి కాపలా ఇక నా వల్ల కాదు

మొన్న ఆదివారం మా ఇంట్లో క్రికెట్ మ్యాచ్. అంటే టీవీలోనే లెండి. మా మరిది, తోడికోడలు, వాళ్ళబ్బాయి పొద్దున్నే వచ్చేశారు. మా ఆయన, మా అబ్బాయి సరేసరి. హాల్లో నలుగురు మగవాళ్ళు, వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు. మూకుట్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి.

ఎవరో సిక్సు కొట్టారు. మా మరిది ఎగిరి గంతేశాడు. ఆయన చేతిలో టీ కప్పు ఆయనకంటే ఎత్తు ఎగిరింది. ఆ తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు, మీ ఇళ్ళల్లోనూ ఇదే కదా జరిగేది.

"ఏమోయ్! ఒక్కసారి ఇలా రా!"

నేను బజ్జీలు తీసి, స్టవ్ ఆపి, శనగపిండి చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి నలుగురూ సోఫాల మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నారు. ఎందుకంటారా? నేను తుడుచుకోవడానికి దారి ఇస్తున్నారన్నమాట! ఎదురుగా టీపాయ్ మీద టిష్యూ కాగితాల డబ్బా ఉంది. సోఫా చేతి మీద మా ఆయన తువ్వాలు వేలాడుతోంది. టీ మాత్రం కార్పెట్టులోకి తాపీగా ఇంకుతోంది. నలుగురూ దాన్ని ప్రమాదం జరిగిన చోట జనం చూసినట్టు చూస్తున్నారు.

"సారీ వదినా" అన్నాడు మా మరిది. పాపం, మంచివాడే. కానీ నాకు చిక్కొచ్చింది ఆ సారీతోనే. కార్పెట్టు డబ్బులిచ్చి కొన్నది వాళ్ళ అన్నయ్య. దాని మీద కాళ్ళు చాపుకునేది అందరూ. సారీ మాత్రం నాకు. ఎందుకు? మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని తుడిచేది నేనే అని పన్నెండేళ్ళ పిల్లాడితో సహా ఆ గదిలో అందరికీ తెలుసు కాబట్టి. తప్పు ఎవరిది, వస్తువు ఎవరిది అన్నది కాదు, చాకిరీ ఎవరిదో చూసి సారీ వచ్చిందన్నమాట.

ఇప్పుడు మీరు, "ఇంత చిన్నదానికి ఇంత పెద్ద గొడవా?" అంటారు. ఆగండి. ఈ మరకల సంగతి నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను. గృహప్రవేశానికి కొన్న ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉన్ని కార్పెట్టు మాది. రంగు క్రీము! విజయవాడ దుమ్ములో, ఆవకాయ తినే ఇంట్లో, క్రీము రంగు. కొనేటప్పుడు నన్నెవరూ అడగలేదు. కొన్నాక మాత్రం అది నాదైపోయింది.

ఈ పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటే. మరక పోతుందా లేదా అన్నది మందుని బట్టి కాదు, సమయాన్ని బట్టి ఉంటుంది. ఒలికిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఎవరైనా ఒక పొడి తెల్లగుడ్డ తెచ్చి అద్దితే సగానికి పైగా గుడ్డలోకి వచ్చేస్తుంది. అద్దాలి, రుద్దకూడదు. అంచుల నుంచి మధ్యకి రావాలి, లేకపోతే మరక వెడల్పవుతుంది. ఇంతే విద్య. దీనికి డిగ్రీలు అక్కర్లేదు, ఆడపుట్టుక అసలే అక్కర్లేదు.

మరి ఆ మొదటి రెండు నిమిషాలూ మన ఇళ్ళల్లో ఎక్కడికి పోతున్నాయి? "ఏమోయ్, ఇలా రా" అని పిలవడానికి, మనం వంటింట్లోంచి రావడానికి, "ఎలా పడింది?" అని అడగడానికి, వాళ్ళు "నేను కాదు, వాడు తగిలించాడు" అని చెప్పడానికి. అప్పటికి టీ పీచు దాటి అడుగున ఉన్న నేత దాకా దిగిపోతుంది. అప్పుడు దానికి "మొండి మరక" అని పేరు పెడతాం. మొండిది మరకా, మనుషులా?

ఇంటిపని ఆడవాళ్ళది అనే ఆచారం అన్యాయమని ఎప్పటినుంచో అంటున్నాం. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ ఎంతో కొంత ఇంటిపని చేసే మగవాళ్ళని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే! సరే, న్యాయం సంగతి పక్కన పెట్టండి. కార్పెట్టు విషయంలో ఆ ఆచారం పనికి కూడా రాదు. పక్కనే కూర్చున్న మనిషి కదలకుండా, మూడు గదుల అవతలున్న మనిషిని పిలిస్తే మరక ఆగుతుందా? ఇల్లు అంటుకుంటే నీళ్ళు పట్టుకుని పక్కనే నిలబడి, ఊరికెళ్ళిన ఇల్లాలి కోసం కబురు పెట్టినట్టుంటుంది.

ఇక చిట్కాల సంగతి. "గృహిణుల కోసం" అని మొదలవుతాయి చూడండి, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. మరకలు పడేసేది కుటుంబమంతా, చిట్కాలు గృహిణికా? పోనీ, ఆ చిట్కాలైనా సరైనవా? సగం మన కార్పెట్లని పాడుచేసేవే. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుస్సుమని నురగ వస్తుంది. భలే పనిచేస్తోందని మనం మురిసిపోతాం. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి విరిచేసుకుంటాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడు, మిగిలేది కాస్త ఉప్పు లాంటి లవణం కలిసిన నీళ్ళు. రెండింటినీ వేరువేరుగా వాడితే ప్రయోజనం ఉంది, కలిపితే తమాషా తప్ప ఏమీ లేదు.

టీ మరక మీద వంటసోడా చల్లమంటారు. ఒక గ్లాసు డికాక్షన్లో చిటికెడు సోడా వేసి చూడండి, రంగు ఎంత ముదురుతుందో. ఇంకో గ్లాసులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, రంగు తేలిపోతుంది. అంటే టీకి, కాఫీకి కావలసింది పులుపు. ముందు చన్నీళ్ళతో అద్ది, తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి అద్దితే చాలు. పాలు కలిసినవాటికి వేడినీళ్ళు పోయకండి. పాలు, గుడ్డు, రక్తం వేడికి ఉడికి పీచుకి అతుక్కుపోతాయి.

పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రబడితే గుండె గుభేలుమంటుంది. నాకూ అన్నది. తర్వాత నవ్వొచ్చింది. హారతికి ఎర్రనీళ్ళు ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేసే కదా! సున్నంలాగే సబ్బు కూడా క్షారమే. చన్నీళ్ళతో, కాస్త వెనిగర్‌తో అద్దితే మళ్ళీ పసుప్పచ్చగా మారుతుంది. ఆ మిగిలిన పసుపుని తీసేది ఎండ. రెండు మూడు రోజులు ఎండ తగిలితే పసుపు రంగు దానంతట అదే వెలిసిపోతుంది. మన అమ్మమ్మలకి ఇది చదువు లేకుండానే తెలుసు. కాకపోతే రంగురంగుల కార్పెట్టుని ఎక్కువ రోజులు ఎండలో ఉంచితే దాని రంగు కూడా పోతుంది, చూసుకోవాలి.

ఆవకాయ నూనె పడితే ముందు నీళ్ళు కాదు, టాల్కం పౌడరో మొక్కజొన్న పిండో చల్లి ఒక గంట వదిలెయ్యాలి. నూనె పీల్చుకున్నాక ఎత్తేసి, అప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్ళలో కలిపి అద్దాలి. రెండు చుక్కలంటే రెండే. మనకి చెయ్యి ఊరుకోదు, గరిటెడు పోస్తాం. అది పూర్తిగా పోక, జిగటగా మిగిలిపోయి, దుమ్ముని పట్టి లాగుతుంది. వారం తిరిగేసరికి అదే చోట నల్లగా తయారవుతుంది. "చూశావా, మరక మళ్ళీ వచ్చింది, సరిగ్గా తుడవలేదు" అని మాట కూడా మనకే.

ఇంకొకటి. బాగా తుడిచాం అనుకున్న మరక ఆరాక మళ్ళీ పైకి తేలుతుంది. అది మన అశ్రద్ధ కాదమ్మా. అడుగున ఇంకిన తడి ఆరేటప్పుడు దీపం వత్తిలో నూనెలాగా పీచు వెంట పైకి పాకుతుంది. తడిచోట మడత పెట్టిన పాత గుడ్డ వేసి, దాని మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచితే ఆ పైకొచ్చేదేదో గుడ్డలోకి పోతుంది. బకెట్ల కొద్దీ నీళ్ళు మాత్రం పొయ్యకండి. వానాకాలంలో అయితే అడుగు ఆరక బూజు పడుతుంది, ఇల్లంతా ముక్కవాసన.

బ్లీచింగ్ ద్రావణం ఉన్ని దగ్గరికి కూడా రానివ్వకండి. ఉన్ని మన వెంట్రుక లాంటిది, కరిగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ బ్లీచుని వెనిగర్‌తోగానీ, బాత్రూం కడిగే యాసిడ్‌తోగానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరాడదు. అమోనియాతో కలిపినా విషవాయువే. కార్పెట్టు పోతే పోయింది, మనిషి పోకూడదు.

చూశారా, ఇంత చదువు చదివాను నేను. ఈ చదువుతో నాకేం ఒరిగింది? "మరకలంటే మా ఆవిడే తియ్యాలి" అని మా ఆయన నలుగురిలో చెప్పుకోవడానికి ఒరిగింది. మనకి ఒక పని బాగా వచ్చిందంటే చాలు, అది శాశ్వతంగా మన నెత్తినే. ఆ పొగడ్త వినడానికి తియ్యగా ఉంటుంది, అదే కట్టుకొయ్య.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఇది రాయడానికి నాకు వారం పట్టింది.

మా అత్తయ్యగారికి 78 ఏళ్ళు. కుడిచేతికి వణుకు. రెండేళ్ళ క్రితం వరకూ హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పొద్దున్న కాఫీ తాగుతూ పేపరు చదివేవారు. సాయంత్రం సీరియల్ కూడా అక్కడే. ఒకరోజు కాఫీ గ్లాసు జారి కార్పెట్టు మీద పడింది. నేనేమీ అనలేదు. ఒట్టు, ఒక్క మాట అనలేదు. "ప్చ్" అన్నాను, అంతే. తర్వాత ఆవిడ ముందే కూర్చుని బ్రష్షు పెట్టి బరబరా గంటసేపు రుద్దాను. మరక పోలేదు సరికదా, ఉన్ని లేచిపోయి అక్కడ అరచేయంత బోడి మచ్చ పడింది.

మర్నాడు ఆవిడ కాఫీ వంటింట్లో స్టూలు మీద తాగారు. ఆ తర్వాత బాల్కనీలో. "గాలి బావుంటుందమ్మా ఇక్కడ" అన్నారు. నేను నమ్మాను. నిజానికి నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. సీరియల్ మానేశారు. కళ్ళు లాగుతున్నాయన్నారు, అదీ నమ్మాను.

మొన్న ఆదివారం నేను మోకాళ్ళ మీద కూర్చుని టీ అద్దుతుంటే ఆవిడ బాల్కనీ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు అన్నారు: "పోనీలే, ఈసారి నేను కాదు."

గుడ్డ నా చేతిలోనే ఆగిపోయింది.

రెండేళ్ళపాటు ఒక పెద్దావిడ తన కొడుకింట్లో, తను పెంచిన మనుషుల మధ్య, ఒక గుడ్డముక్కకి భయపడి గది వదిలి వెళ్ళిపోయింది. భయపెట్టింది నేను. ఒక్క "ప్చ్" తో.

మన చేత ఈ వస్తువులకి కాపలా కాయించడంలో ఉన్న అసలు నష్టం ఇదే. చాకిరీ ఒక్కటే అయితే చేసేసేవాళ్ళం, మనకేం కొత్తా? కానీ మరక పడితే మన నడుం విరుగుతుందని తెలిశాక, మరక పడెయ్యగల ప్రతి మనిషినీ మనం అనుమానంగా చూడటం మొదలుపెడతాం. పసిపిల్లలు వస్తే "జాగ్రత్త నాన్నా" అంటాం, నవ్వుతూనే. ముసలివాళ్ళ చేతిలో గ్లాసు చూస్తే మన కళ్ళు ఆ గ్లాసు వెంటే తిరుగుతాయి. పనమ్మాయి తడికాళ్ళతో వస్తే అరుస్తాం. పని మొత్తం ఒక్కరి మీద పడేసిన ఇల్లు, ఆ ఒక్కరినీ గయ్యాళిని చేస్తుంది. ఆ తర్వాత "మా ఆవిడకి శుభ్రం పిచ్చి" అని నవ్వుతుంది.

"మగవాళ్ళకి చేతకాదులే వదినా, వాళ్ళు తుడిస్తే ఇంకా పాడుచేస్తారు" అంది మా తోడికోడలు. బ్రష్షు పెట్టి బోడిమచ్చ చేసింది ఏ మగవాడు? నేనే కదా! పాడుచేసే హక్కు నాకుంటే, నేర్చుకునే ఓపిక వాళ్ళకి ఉండాలి. గుడ్డ పెట్టి అద్దడం చేతకానివాళ్ళు కారు నడుపుతున్నారంటే నేను నమ్మను.

ఇంకొందరు, "ఎవరు ఒలికిస్తే వాళ్ళే తుడవాలి, అదే న్యాయం" అంటారు. వినడానికి బావుంది. నాకు మాత్రం అదీ నచ్చలేదు. ఆ న్యాయం ప్రకారం మా అత్తయ్యగారు 78 ఏళ్ళ వయసులో నేల మీద వంగాలి. మరకని నేరం చేసి, దానికి శిక్ష వేస్తే మళ్ళీ భయమే కదా మిగిలేది? కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు ఒకటే సూత్రం. ఎవరు దగ్గరుంటే వాళ్ళు అద్దాలి. ఎవరు ఒలికించారన్నది ఎవరూ అడగకూడదు. ముందే చెప్పానుగా, మరక లెక్క ప్రకారం కూడా అదే సరైన పద్ధతి.

మా ఆయన పాత తెల్ల పంచె చింపి పన్నెండు ముక్కలు చేశాను. ఒక చిన్న బుట్టలో పెట్టి టీవీ కింద పెట్టాను. పక్కన చన్నీళ్ళ స్ప్రే సీసా. మా ఆయనని, మా అబ్బాయిని కూర్చోబెట్టి, కార్పెట్టు మూల మీద కావాలనే టీ ఒలికించి నేర్పించాను. మా ఆయన మొహం చూడాలి! "ఇదేం పిచ్చి?" అన్నారు. "మీ వంతు" అన్నాను. మొదటిసారి రుద్దారు, రెండోసారి అద్దారు. పోయింది మరక. నాకంటే ఆయనకే ఎక్కువ ఆశ్చర్యం.

కార్పెట్లంటే నాకు కోపం లేదు. ఏలూరులో తరతరాలుగా ఉన్ని తివాచీలు ముడి మీద ముడి వేసి నేసిన చేతులున్నాయి. వాళ్ళు తొక్కడానికే నేశారు, కాపలా కాయడానికి కాదు. కానీ కొత్తగా కొనేవాళ్ళు ఉంటే ఒక్క మాట. మా పుట్టింట్లో చారల జంపఖానా ఉండేది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద ఇప్పటికీ నేస్తున్నారు, వరంగల్ డర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలుది, పీచు లేచి ఉండదు, ఒకవైపు మాసితే రెండోవైపు తిప్పుకోవచ్చు, చన్నీళ్ళలో జాడించి దండెం మీద వేసుకోవచ్చు. అంతకంటే పెద్ద సుగుణం ఒకటుంది. చెరో వైపు ఇద్దరు పట్టుకోకపోతే జంపఖానా దులపడం కుదరదు. మా అమ్మ ఒక కొస పట్టుకుని పిలిస్తే రెండో కొస పట్టుకోవడానికి మా నాన్న లేచి రావలసి వచ్చేది.

మా క్రీము కార్పెట్టు హాల్లోనే ఉంది. బోడి మచ్చ కూడా ఉంది. అది ఇక పోదు, పోవాలని నాకూ లేదు. సోమవారం పొద్దున్న కిటికీ పక్క కుర్చీ మళ్ళీ దాని చోట వేశాను. "అత్తయ్యగారూ, కాఫీ ఇక్కడ తాగండి" అన్నాను. ఆవిడ కుర్చీని చూశారు, కార్పెట్టుని చూశారు.

"పడుతుందేమోనమ్మా" అన్నారు.

"పడితే మీ అబ్బాయి తుడుస్తాడు" అన్నాను.

పేపర్లోంచి తల ఎత్తకుండానే మా ఆయన "ఊఁ" అన్నారు. ఆవిడ కూర్చున్నారు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, మధ్యమధ్యలో నా మొహం వంక చూస్తూ తాగారు. ఇంకా చూస్తూనే ఉన్నారు, ఇవాళ్టికీ. రెండేళ్ళ భయం నాలుగు రోజుల్లో పోతుందా? నేను తీసిన మరకలన్నిట్లోకీ మొండిది ఇదే. దీన్నీ రుద్దకూడదు, అద్దాలి.

ఇవాళ సాయంత్రం మీ హాల్లోకి వెళ్ళి ఒక్కసారి చూడండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో కాదు, ఎవరు కూర్చోవడం మానేశారో చూడండి.